స్వయంసమృద్ధ హరిత కార్యాలయ భవనం: హైదరాబాదు అనుభవం, ధూల్‌పేట్ అవకాశం

వ్యాససంగ్రహం

తనకు కావలసిన విద్యుత్తును, నీటిని తానే సమకూర్చుకొని, తన వ్యర్థాలను తానే శుద్ధి చేసుకొనే కార్యాలయ భవనాన్ని స్వయంసమృద్ధ హరిత భవనం అంటున్నారు. 2004లో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటర్‌తో ఈ భావన హైదరాబాదులో రూపం దాల్చింది. విశాలమైన స్థలంలో నిలిచిన ఆ భవనపు అనుభవం ఇరుకైన నగర ప్రాంతాలకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం. పైకప్పు వైశాల్యానికీ మొత్తం అంతస్తుల వైశాల్యానికీ ఉన్న నిష్పత్తే విద్యుత్ స్వయంసమృద్ధిని నిర్ణయిస్తుందని, ఆ లెక్కన ధూల్‌పేట్ వంటి తక్కువ అంతస్తుల పాత పేటలకు ఎత్తైన గాజు మేడల కంటె మెరుగైన అవకాశం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నీరు, మురుగు విషయంలో మాత్రం ఒంటరి భవనం కంటె బస్తీయే సరైన కొలమానమని చూపుతుంది.

కీలక పదాలు: హరిత భవనం, స్వయంసమృద్ధి, సౌరవిద్యుత్తు, వర్షపునీటి సేకరణ, పైకప్పు, హైదరాబాదు, ధూల్‌పేట్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరంలో కార్యాలయం అనగానే నేడు మనసులో మెదిలేది నగరానికి పడమటి దిక్కున వరుసదీరిన గాజు మేడలే. వాటిలో పలు భవనాలకు హరిత భవనాలన్న గుర్తింపు కూడా ఉంది. కాని నగరంలోని కార్యాలయాలన్నీ అక్కడే లేవు. బ్యాంకు శాఖలు, పోస్టాఫీసులు, వార్డు కార్యాలయాలు, విద్యుత్ బిల్లుల కేంద్రాలు, సహకార సంఘాలు, చిన్న వ్యాపారుల గుమాస్తా గదులు ప్రతి పేటలోనూ ఉన్నాయి. సామాన్యుడు నిత్యం మెట్లెక్కే కార్యాలయాలు ఇవే. హరిత భవనాల చర్చలో వీటి ప్రస్తావన అరుదు.

పురానాపూల్‌కు, మంగళ్‌హాట్‌కు చేరువలోని ధూల్‌పేట్ అటువంటి పేట. వినాయక విగ్రహాల తయారీకి, సంక్రాంతి గాలిపటాలకు పేరుపడిన ఈ ప్రాంతంలో ఇల్లూ పనిచోటూ వేరువేరు కావు. కింద పనిశాల, పైన కాపురం, ఆపైన మిద్దె. సన్నని గల్లీలు, ఒకదానినొకటి ఆనుకొన్న గోడలు, ఎక్కువగా రెండు మూడు అంతస్తులకు మించని కట్టడాలు ఇక్కడి రూపం. ఇలాంటిచోట ఒక కార్యాలయం తన కాళ్ల మీద తాను నిలబడగలదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందు స్వయంసమృద్ధి అంటే ఏమిటో తేల్చుకోవాలి. తరువాత నగరంలోనే ఉన్న ఉదాహరణను పరిశీలించాలి.

2. స్వయంసమృద్ధి: నాలుగు పద్దులు

‘హరిత భవనం’, ‘స్వయంసమృద్ధ భవనం’ అన్న మాటలను పర్యాయపదాలుగా వాడటం పరిపాటి. నిజానికి వీటి మధ్య తేడా ఉంది. సాధారణ భవనం కంటె తక్కువ వనరులు ఖర్చుచేసేది హరిత భవనం. తాను ఖర్చుచేసే వనరులను తన హద్దుల్లోనే తిరిగి సమకూర్చుకొనేది స్వయంసమృద్ధ భవనం. మొదటిది పొదుపుకు సంబంధించినది. రెండవది జమాఖర్చులకు సంబంధించినది. ఈ జమాఖర్చులను నాలుగు పద్దులుగా విడదీయవచ్చు.

మొదటి పద్దు విద్యుత్తు. సంవత్సరం మొత్తంలో వాడినంత విద్యుత్తును భవనమే ఉత్పత్తిచేస్తే దానిని నికర శూన్య విద్యుత్ భవనం అంటారు. ఇక్కడ ‘సంవత్సరం మొత్తంలో’ అన్నది ముఖ్యం. మిట్టమధ్యాహ్నం మిగిలిన విద్యుత్తు నెట్ మీటరు ద్వారా పంపిణీ వ్యవస్థకు వెళ్తుంది. రాత్రివేళ, మబ్బు పట్టిన రోజుల్లో అక్కడినుంచి తిరిగి వస్తుంది. కనుక ఇది ఇచ్చిపుచ్చుకోవడంలో సాధించిన సమతుల్యమే తప్ప సంపూర్ణ స్వాతంత్ర్యం కాదు. రెండవ పద్దు నీరు: వాన నుంచి, పునర్వినియోగం నుంచి వచ్చేది ఎంత, బయటినుంచి తెచ్చుకొనేది ఎంత? మూడవది వ్యర్థం: మురుగు, చెత్త భవనపు హద్దు దాటి ఎంత పోతున్నాయి? నాలుగవది నిర్మాణంలోనే ఖర్చయిపోయిన శక్తి: సిమెంటు, ఉక్కు, గాజు, అల్యూమినియం తయారీకి పట్టినది. మొదటి మూడు పద్దులు ఏటేటా తెరిచేవి. నాలుగవది భవనం లేచిన రోజే రాసి మూసేసినది. తరువాత ఎంత పొదుపు చేసినా దానిని తుడిచివేయడానికి ఏళ్లు పడుతుంది. ఉన్న భవనాన్ని కూల్చకుండా బాగుచేసుకోవడంలోని విలువ ఈ నాలుగవ పద్దులోనే కనిపిస్తుంది.

3. గ్రీన్ బిజినెస్ సెంటర్: నగరం చూపిన నమూనా

హైటెక్ సిటీకి సమీపంలోని కొత్తగూడ వద్ద సి.ఐ.ఐ. – సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ కలిసి, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ సాంకేతిక సహకారంతో దీనిని నిర్మించాయి. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. 2004 జులైలో నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా హరిత భవన మండలి ‘లీడ్’ ప్రమాణాల్లో అత్యున్నతమైన ప్లాటినం స్థాయిని, అమెరికా వెలుపల మొట్టమొదట అందుకొన్న భవనాల్లో ఇది ఒకటి. 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలికి ఇదే కేంద్రస్థానమైంది.

ఈ భవనపు గొప్పతనం యంత్రాల కంటె ముందు ఆకృతిలో ఉంది. మధ్యలో ఆరుబయలు ఆవరణ, దాని చుట్టూ వలయాకారంగా గదులు. తెలుగు పల్లెల మండువా లోగిళ్లకూ, హైదరాబాదు దేవిడీలకూ పరిచితమైన ఏర్పాటే ఇది. ఆవరణ వల్ల ప్రతి గదికీ రెండువైపులా వెలుతురు అందుతుంది. జనం పనిచేసే ప్రదేశంలో దాదాపు 90 శాతానికి పగటిపూట దీపాల అవసరం లేదు. విద్యుద్దీపం వెలగకపోతే రెండు లాభాలు: దీపానికయ్యే విద్యుత్తు మిగులుతుంది, దీపం విడిచే వేడిని చల్లబరచడానికయ్యే విద్యుత్తూ మిగులుతుంది.

రెండవ ప్రత్యేకత గాలి బురుజులు. బురుజు పైనుంచి లోపలికి దిగే గాలిపై నీటి తుంపరలు పడతాయి. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని పీల్చుకొంటుంది. అలా 7, 8 డిగ్రీల మేర చల్లబడిన గాలిని శీతలీకరణ యంత్రాలకు అందిస్తారు. యంత్రం చేయవలసిన పనిలో కొంత భాగం అప్పటికే పూర్తయి ఉంటుంది. వేసవిలో వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లే అలవాటులో ఉన్న సూత్రమే ఇది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. జులై, ఆగస్టులలో గాలిలో తేమ నిండినప్పుడు నీరు సులభంగా ఆవిరికాదు, ప్రయోజనం తగ్గిపోతుంది. అదృష్టవశాత్తు అధిక చల్లదనం కావలసిన నెలలూ, ఈ పద్ధతి ఫలించే నెలలూ ఒకటే.

జాలీ గోడలు ఎండను వడకట్టి గాలిని రానిస్తాయి. పైకప్పులో సగానికి పైగా తోట పరచుకొని ఉంది. మిగిలిన భాగంలో సుమారు 24 కిలోవాట్ల సౌరఫలకాలు అమర్చారు. ఫ్లైయాష్ ఇటుకలు మొదలుకొని నిర్మాణంలో వాడిన సామగ్రిలో అధికభాగం పునర్వినియోగ పదార్థాలతో తయారైనదే. మురుగునీటిని రెల్లు జాతి మొక్కల వేళ్ల మధ్యనుంచి పారించి శుద్ధిచేస్తారు. వేళ్లను అంటిపెట్టుకొన్న సూక్ష్మజీవులు మలినాలను విచ్ఛిన్నం చేస్తాయి. శుద్ధమైన నీరు తోటకు చేరుతుంది. ఒక్క చుక్క మురుగు కూడా ఆవరణ దాటి పోదు.

పొదుపు దృష్టితో చూస్తే ఈ భవనం ఆదర్శప్రాయం. అదే పరిమాణంలోని సాధారణ భవనంతో పోలిస్తే విద్యుత్ వినియోగం సగం కంటె తక్కువని, తాగునీటి వినియోగం సుమారు 35 శాతం తక్కువని దీని నిర్వాహకులు ప్రకటించారు. అయినా తొలినాటి సౌరఫలకాలు తీర్చినది మొత్తం విద్యుత్ అవసరంలో దాదాపు ఐదోవంతు మాత్రమే. అంటే మూడవ పద్దులో ఈ భవనం స్వయంసమృద్ధికి చేరువైంది. మొదటి పద్దులో అప్పట్లో చేరలేదు.

మరొక అంశాన్ని పరిశోధకులు తప్పక గమనించాలి. ఈ భవన నిర్మిత వైశాల్యం సుమారు 20,000 చదరపు అడుగులు. స్థలం సుమారు ఐదు ఎకరాలు, అంటే రెండు లక్షలకు పైగా చదరపు అడుగులు. నిర్మాణం స్థలంలో పదోవంతుకు మించదు. తోటకు చోటుంది, రెల్లు మడులకు చోటుంది, సహజమైన బండరాళ్లను కదిలించకుండా వదలడానికీ చోటుంది. ఇంతటి వెసులుబాటు నగరంలో ఎందరికి దొరుకుతుంది? అందువల్ల ఇది సూత్రాలను నేర్పే పాఠశాలే గాని, ఎక్కడైనా యథాతథంగా దించగల అచ్చు కాదు.

4. చల్లదనపు ఖర్చు: పోచారం ప్రయోగం

హైదరాబాదులో కార్యాలయ విద్యుత్తును అధికంగా మింగేది శీతలీకరణే. దీనిపై నగరంలోనే ఒక చక్కని ప్రయోగం జరిగింది. పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో వాడుకలోకి వచ్చిన ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా నిర్మించారు. ఒక భాగానికి మెరుగుపరచిన సాధారణ ఏసీ పద్ధతిని, రెండవ భాగానికి వికిరణ శీతలీకరణను అమర్చారు. వికిరణ పద్ధతిలో శ్లాబులోనే గొట్టాలు పరచి వాటిలో చల్లని నీటిని పారిస్తారు. చల్లబడిన కప్పు గదిలోని మనుషుల, వస్తువుల వేడిని లాగుకొంటుంది. ఒకే ఘనపరిమాణం గల గాలి కంటె నీరు మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. కనుక పెద్ద పంకాలతో గాలిని తరలించే ఖర్చు తగ్గుతుంది. నీరు మరీ చల్లగా ఉండనక్కరలేదు కాబట్టి చిల్లర్ పనీ తేలికవుతుంది.

ఒకే గోడలు, ఒకే కిటికీలు, ఒకే వాతావరణం, ఒకే రకమైన పని. తేడా శీతలీకరణ పద్ధతిలో మాత్రమే. వికిరణ పద్ధతి గల సగం దాదాపు మూడోవంతు తక్కువ విద్యుత్తుతో శీతలీకరణను నడిపింది. నిర్మాణ వ్యయం పెరగలేదు. పరిశోధన విధానం దృష్ట్యా ఇది విలువైన ఉదాహరణ. హరిత భవనాల పొదుపును సాధారణంగా ఊహాత్మకమైన ‘సాధారణ భవనం’తో పోల్చి చెబుతారు, ఇక్కడ పోలిక కళ్లెదుట నిలిచిన రెండో సగంతో జరిగింది.

5. కప్పు లెక్క

పొదుపు ఎంత చేసినా, ఉత్పత్తికి చోటు కావాలి. నగర భవనానికి ఆ చోటు పైకప్పే. ఈ కింది లెక్క స్థూలమైనదే అయినా ప్రశ్న మూలాన్ని తాకుతుంది.

హైదరాబాదు ఎండలో ఒక కిలోవాట్ సౌరఫలకం ఏడాదికి సుమారు 1,450 యూనిట్ల విద్యుత్తును ఇస్తుంది. నడకదారులు, ఫలకాల మధ్య ఖాళీ కలుపుకొని కిలోవాటుకు 10 చదరపు మీటర్లు అనుకొంటే, ఒక చదరపు మీటరుకు 145 యూనిట్లు. నీళ్ల ట్యాంకులు, మెట్ల గది, పిట్టగోడ నీడ పోను కప్పులో 60 శాతం పనికివస్తుందనుకొందాం. అప్పుడు కప్పు మొత్తం మీద సగటున చదరపు మీటరుకు 87 యూనిట్లు వస్తాయి.

ఇక ఖర్చు. భారత ఇంధన సామర్థ్య మండలి 2009లో కార్యాలయ భవనాలకు నక్షత్రాల గుర్తింపును ప్రవేశపెట్టింది. హైదరాబాదు మిశ్రమ వాతావరణ మండలంలోకి వస్తుంది. ఆ పథకం ప్రకారం ఈ మండలంలో సగానికి పైగా ఏసీ గల పగటి కార్యాలయం, చదరపు మీటరుకు ఏడాదికి 90 యూనిట్లలోపు వాడితే ఐదు నక్షత్రాలు. 165 నుంచి 190 మధ్య వాడితే ఒక్కటే. సగం కంటె తక్కువ ప్రదేశానికి ఏసీ ఉన్నచోట ఐదు నక్షత్రాల హద్దు 40 యూనిట్లు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. చదరపు మీటరుకు 180 యూనిట్లు వాడే కార్యాలయానికి దాని కప్పు అర అంతస్తును మాత్రమే పోషిస్తుంది. 90 యూనిట్లు వాడేదానికి ఒక అంతస్తును, 40 యూనిట్లు వాడేదానికి రెండు అంతస్తులను పోషిస్తుంది. పది అంతస్తుల మేడ ఎంత పొదుపుగా 40 యూనిట్లకే పరిమితమైనా, దాని కప్పు ఇచ్చేది మొత్తం అవసరంలో ఐదోవంతుకు కొంచెం పైన. ఇరవై అంతస్తులైతే పదోవంతు.

2006 నాటి భవన నిబంధనలతో హైదరాబాదులో స్థల వైశాల్యానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి తొలగిపోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీలను బట్టి ఎత్తు నిర్ణయమవుతూ వచ్చింది. పడమటి హైదరాబాదులో ఆకాశాన్నంటిన మేడలకు ఇది దారి వేసింది. ఆ మేడలు హరిత భవనాలు కావచ్చు. స్వయంసమృద్ధ భవనాలు కావడానికి మాత్రం వాటి ఆకారమే అడ్డు.

6. కప్పును విస్తరించిన రెండు భవనాలు

ఈ పరిమితిని దాటిన ఉదాహరణలు లేకపోలేదు. ఢిల్లీలోని ఇందిరా పర్యావరణ భవన్ 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ కార్యాలయమైన ఈ భవనాన్ని నికర శూన్య విద్యుత్ లక్ష్యంతో నిర్మించారు. 930 కిలోవాట్ల సౌరఫలకాలను కప్పుకే పరిమితం చేయక, గోడల అంచులు దాటించి, నడిమి ఆవరణ మీదుగా గొడుగులా పరిచారు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2013లో తెరిచిన బుల్లిట్ సెంటర్ ఆరంతస్తుల కార్యాలయం. 242 కిలోవాట్ల ఫలకాలు అక్కడ కూడా గోడలను దాటి చూరులా ముందుకు వచ్చాయి. మబ్బులకు పేరుపడిన ఆ నగరంలో ఒక కిలోవాటుకు వచ్చేది హైదరాబాదులో వచ్చే దానిలో సుమారు మూడింట రెండువంతులే. అయినా తొలి పూర్తి సంవత్సరంలో ఆ భవనం వాడిన దానికంటె ఎక్కువ విద్యుత్తును ఉత్పత్తిచేసింది. ఎందుకంటే అది చదరపు మీటరుకు 40 యూనిట్లలోపే సరిపెట్టుకొంది.

బుల్లిట్ సెంటర్ మరో పాఠం కూడా నేర్పుతుంది. వర్షపు నీటిని తాగునీరుగా ఇవ్వడానికి అవసరమైన అనుమతులు రావడానికి ఏళ్లు పట్టింది. నీరు వాడని కంపోస్టు మరుగుదొడ్ల విధానాన్ని నిర్వహణ భారం వల్ల కొన్నేళ్ల తరువాత విడిచిపెట్టవలసి వచ్చింది. విద్యుత్తులో గెలిచిన భవనం వ్యర్థాల విషయంలో మళ్లీ నగర వ్యవస్థను ఆశ్రయించింది. నాలుగు పద్దులనూ విడివిడిగా చూడాలనడానికి ఇదే కారణం.

7. ధూల్‌పేట్‌లో ఒక కార్యాలయం: ఊహాచిత్రం

ఇప్పుడు ఈ లెక్కలను ధూల్‌పేట్ గల్లీలోకి తీసుకువద్దాం. 150 చదరపు మీటర్ల కప్పు గల మూడంతస్తుల కార్యాలయాన్ని ఊహించుకొందాం. మొత్తం వైశాల్యం 450 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 40 యూనిట్ల చొప్పున ఏడాదికి 18,000 యూనిట్లు కావాలి. కప్పులో 60 శాతం వాడితే వచ్చేది సుమారు 13,000 యూనిట్లు. లోటు నాలుగోవంతుకు పైనే.

అయితే ఫలకాలను కప్పుకు ఆనించకుండా, మనిషి కంటె ఎత్తైన ఇనుప చట్రంపై పందిరిలా నిలబెడితే, ట్యాంకుల మీదుగా, మెట్ల గది మీదుగా 90 శాతం వైశాల్యం పనికివస్తుంది. 13.5 కిలోవాట్ల ఫలకాలు పట్టి, ఏడాదికి 19,500 యూనిట్లకు పైగా వస్తాయి. మూడంతస్తుల అవసరం తీరి కొంత మిగులుతుంది. పందిరి కింద మిద్దె మిద్దెగానే ఉంటుంది. ధూల్‌పేట్‌లో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి మిద్దె బట్టలు, రంగులు ఆరబెట్టుకొనే చోటు, వేసవి రాత్రుల పడక, సంక్రాంతికి గాలిపటాల రంగస్థలం. జనం చేతిలోనుంచి మిద్దెను లాక్కొనే ఏ ప్రణాళికా ఈ పేటలో నిలవదు. పందిరి నీడ వల్ల శ్లాబు కాగడం తగ్గి, పై అంతస్తుకు ఏసీ భారమూ తగ్గుతుంది. గాలిపటాల దారాలు చట్రానికి చిక్కకుండా, ఫలకాలను కడగడానికి నడకదారి ఉండేలా చట్రాన్ని రూపొందించుకోవలసి ఉంటుంది.

అసలు 40 యూనిట్లకు సరిపెట్టుకోవడం ఎలా? ఇందులో పాత పేట రూపం సగం పని చేసిపెడుతుంది. సన్నని గల్లీలో ఎదురెదురు గోడలు ఒకదానికొకటి నీడ పడతాయి. పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడకు ఎండ సోకే ప్రశ్నే లేదు. సూర్యుడు నేరుగా కాచేది కప్పునే. కనుక కప్పును కాపాడుకొంటే వేడిలో పెద్ద భాగాన్ని అడ్డుకొన్నట్టే. గాజు మేడకు నాలుగు వైపులా ఎండే. దానికి ఈ వరం లేదు.

రాయి, డంగు సున్నంతో కట్టిన పాత గోడలకు మరో గుణం ఉంది. అరమీటరు మందం గల గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకొంటుంది. ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి సాయంత్రం దాటుతుంది. అప్పటికి కార్యాలయం మూతపడుతుంది. నివాసానికి రాత్రి ఉక్కపోతగా మారే ఈ ఆలస్యం, పగటిపూట మాత్రమే పనిచేసే కార్యాలయానికి మేలే చేస్తుంది. 1908 వరదల తరువాత మూసీ తీరాన లేచిన హైకోర్టు భవనం, ఉస్మానియా ఆసుపత్రి మందపు గోడలతో, ఎత్తైన కప్పులతో, వరండాలతో ఈ సూత్రాన్నే పాటించాయి. ఏసీ ఎరుగని కాలంలో వందలాది మంది పనిచేసే భవనాలను ఈ నగరం అలాగే కట్టుకొంది.

లోపం వెలుతురులో ఉంది. గల్లీ సన్నబడిన కొద్దీ కింది అంతస్తులు చీకటవుతాయి. దీనికి విరుగుడు మళ్లీ పాతదే: నడిమి ఆవరణ. చిన్న స్థలంలో పూర్తి మండువా సాధ్యం కాకపోయినా, మెట్ల పక్కన కప్పు దాకా తెరిచిన ఒక వెలుతురు బావి, దానికి సున్నపు తెలుపు ఉంటే మూడంతస్తులకూ వెలుతురు దిగుతుంది. వేడెక్కిన గాలి అదే దారిన పైకి వెళ్లిపోతుంది.

8. నీరు, మురుగు: భవనం చాలదు

విద్యుత్తులో కనిపించిన ఆశ నీటి విషయంలో కనిపించదు. హైదరాబాదు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు. 150 చదరపు మీటర్ల కప్పు మీద పడిన వానలో ఐదింట నాలుగువంతులు పట్టుకోగలిగితే 96,000 లీటర్లు. మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున ఈ కార్యాలయంలో 45 మంది పనిచేస్తారు. కార్యాలయంలో తలకు రోజుకు 45 లీటర్లన్న జాతీయ నిర్మాణ స్మృతి ప్రమాణంతో, 250 పనిదినాలకు ఐదు లక్షల లీటర్లకు పైగా కావాలి. వాన తీర్చేది ఐదోవంతు. చేతులు కడిగిన నీటిని శుద్ధిచేసి మరుగుదొడ్లకు వాడి, పొదుపు కుళాయిలు బిగించి మంచినీటి అవసరాన్ని 20 లీటర్లకు దించినా, కావలసినది రెండు లక్షల పాతిక వేల లీటర్లు. అప్పుడు కూడా వాన తీర్చేది సగం లోపే.

పైగా వాన ఏడాది పొడవునా పడదు. అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మిగిలిన ఎనిమిది నెలలకు దాచుకోవాలంటే పదుల వేల లీటర్ల తొట్టి కావాలి. ఇరుకు స్థలంలో అంత తొట్టి నేల కిందనే సాధ్యం. రెల్లు మడుల వంటి సహజ శుద్ధి పద్ధతులకు ఆరుబయలు నేల కావాలి. అది ధూల్‌పేట్‌లో భవనానికి భవనానికి విడివిడిగా దొరకదు.

నగర చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1908 మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. వరద నివారణ, తాగునీరు అన్న రెండు ప్రయోజనాలనూ ఒకే ఏర్పాటు తీర్చింది. నీటి సమస్యను నగరం ఇంటింటికీ విడగొట్టక, నదీ పరీవాహక స్థాయిలో పరిష్కరించుకొంది. నేటి కార్యాలయ భవనం వానను పట్టుకోవడం వల్ల కలిగే అసలు మేలు స్వయంసమృద్ధి కంటె ఆ జలాశయాలపై భారం తగ్గించడం, జడివానలో గల్లీలోకి ఒక్కసారిగా దూకే నీటిని ఆపడం. మురుగు శుద్ధి కూడా ఇరవై ముప్పై భవనాలు కలిసి, ఒక పాఠశాల ఆవరణ అంచునో, ఉద్యానవనం కిందనో చేపడితే సాధ్యపడుతుంది. శుద్ధి కాని మురుగు చివరకు చేరేది పక్కనే ఉన్న మూసీకే.

9. చట్టం, నిర్వహణ: కనబడని పునాదులు

సాంకేతికత సిద్ధంగా ఉన్నా రెండు చిక్కులు మిగులుతాయి. మొదటిది ఎండపై హక్కు. ఈ రోజు సౌరఫలకాలు పెట్టుకొన్న భవనం పక్కన రేపు మరో రెండంతస్తులు లేస్తే ఫలకాల మీద నీడ పడుతుంది. పెట్టుబడి వృథా అవుతుంది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ చట్టం, ఇరవై ఏళ్లపాటు నిరాటంకంగా భవనం అనుభవించిన వెలుతురుకు, గాలికి రక్షణ ఇస్తుంది. కిటికీలోకి వచ్చే వెలుతురును ఉద్దేశించిన ఆ నాటి చట్టంలో మిద్దెపై ఫలకాలకు వచ్చే ఎండ ప్రస్తావన ఉండే అవకాశం లేదు. ధూల్‌పేట్ వంటి పేటల్లో వరుసలోని భవనాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండటమే ఇప్పటివరకు ఎండకు రక్ష. ఆ సమాన ఎత్తును కాపాడే నిబంధన లేనిదే సౌర స్వయంసమృద్ధి నిలకడైనది కాదు.

రెండవది నిర్వహణ. ధూల్‌పేట్ గాలిలో విగ్రహాల పనుల వల్ల లేచే ప్లాస్టర్ పొడి సహా దుమ్ము ఎక్కువ. ఫలకాలపై దుమ్ము పేరితే ఉత్పత్తి పడిపోతుంది. వారం వారం తుడిచే మనిషి లేనిదే పై లెక్కలన్నీ కాగితం మీదనే ఉంటాయి. ప్రారంభోత్సవానికి నిధులు దొరికినంత సులభంగా నిర్వహణకు దొరకవన్నది ప్రభుత్వ భవనాలను చూసిన ప్రతివారికీ తెలిసిన సత్యమే.

విధానాల పరంగా కొంత కదలిక వచ్చింది. 2007లో రూపొంది 2017లో సవరణ పొందిన ఇంధన పొదుపు భవన స్మృతి పెద్ద వాణిజ్య భవనాలకు కనీస ప్రమాణాలు నిర్దేశించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. తెల్లని పూత, లేత రంగు పెంకులు వంటివాటితో ఎండను తిప్పికొట్టే కప్పులను ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. ఈ నిబంధనల దృష్టి ప్రధానంగా కొత్త నిర్మాణాలపై ఉంది. ఉన్న భవనాల్ని మార్చుకొనే చిన్న కార్యాలయాలకు తగిన మార్గదర్శకాలు ఇంకా విస్తరించవలసి ఉంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. హరిత భవనం, స్వయంసమృద్ధ భవనం ఒకటి కావు. మొదటిది తగ్గింపును, రెండవది సమతుల్యాన్ని సూచిస్తుంది. విద్యుత్తు, నీరు, వ్యర్థం, నిర్మాణశక్తి అన్న నాలుగు పద్దులను విడివిడిగా చూపకుండా ఏ భవనాన్నీ స్వయంసమృద్ధమని పేర్కొనడం శాస్త్రీయం కాదు.

2. గ్రీన్ బిజినెస్ సెంటర్ అందించిన నడిమి ఆవరణ, గాలి బురుజు, జాలీ వంటి సూత్రాలు ఈ నేల సంప్రదాయం నుంచి వచ్చినవే. వాటిని ఇరుకు స్థలాలకు అనువుగా మలచుకోవడం సాధ్యమే. ఐదు ఎకరాల వెసులుబాటును మాత్రం అనుకరించలేం.

3. హైదరాబాదు ఎండలో, పొదుపుగా నడిచే కార్యాలయానికి పైకప్పు రెండు మూడు అంతస్తులను పోషించగలదు. విద్యుత్ స్వయంసమృద్ధికి అనువైనవి ఎత్తైన మేడలు కావు. పాత పేటల్లోని తక్కువ అంతస్తుల భవనాలే.

4. నీరు, మురుగు విషయంలో బస్తీని ఒక యూనిట్‌గా తీసుకోవాలి. భవనం తన వంతు మాత్రమే చేయగలదు.

5. ఎండపై హక్కు, భవనాల ఎత్తు, నిర్వహణ నిధులు అన్నవి సాంకేతికతతో సమానమైన ప్రాముఖ్యం గల అంశాలు.

హరిత నిర్మాణం గురించి నగరం మాట్లాడుతున్నప్పుడు పాత పేటలను వెనుకబడినవిగా, కూల్చి కట్టవలసినవిగా భావించే ధోరణి ఉంది. ఇక్కడి కప్పు లెక్క దానిని ప్రశ్నిస్తుంది. ధూల్‌పేట్‌లోని ఒక వరుస ఇళ్లను కూల్చి ఆ స్థానంలో పదంతస్తుల హరిత మేడను నిలబెడితే, గుర్తింపు పత్రం దొరుకుతుంది. తన విద్యుత్తును తానే ఉత్పత్తి చేసుకోగల శక్తి మాత్రం శాశ్వతంగా చేజారిపోతుంది. గల్లీల వారీగా కప్పుల వైశాల్యం, నీడ, విద్యుత్ వాడకం, నీటి వాడకం కొలిచే క్షేత్ర పరిశోధనలు వాస్తుశాస్త్ర, భూగోళ, అర్థశాస్త్ర విభాగాల సమన్వయంతో జరగాలి. ఏ పేటలో ఏ పద్దు ఎంతవరకు తీరుతుందో ఆ కొలతలే నిర్ధారించగలవు.